అవసరమైతే తగిన డేటా ఊహించుకోండి

మన క్వశ్చన్ పేపర్ల మీద పైన ఎక్కడో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుందే, "అస్యూమ్ సూటబుల్ డేటా, ఇఫ్ నెసెసరీ" అని, దాన్ని చూసినప్పుడల్లా నేను హమ్మయ్య అనుకునేవాణ్ణి. పేపర్ సెట్ చేసినాయన జాలిపడి వదిలిన సందు అది. డేటా బుక్కు తెరవాలి, ఏదో ఒక నంబర్ తీసుకోవాలి, ఆన్సర్ దింపేయాలి, అంతే. ఊహించుకున్న నంబర్ తప్పయితే ఏమవుతుందో మూడో సంవత్సరం దాకా నాకు తెలీదు. ఎందుకంటే పేపర్ మీద ఏమీ అవదు. ఎవరూ చావరు, ఏదీ విరగదు, మహా అయితే ఓ మార్కు పోతుంది.

నాకు తెలిసొచ్చింది ఒక బొమ్మ విమానం వల్ల. అది లేని విమానం. ఎప్పుడూ ఎగరలేదు, ఎవరూ తయారు చేయలేదు. ఒక కామిక్ పుస్తకంలో గీసి ఉంది, అంతే.

ఆ పుస్తకం పేరు 'ఫ్లైట్ 714'. టిన్‌టిన్ కథల్లో ఒకటి. చిన్నప్పుడు మా అక్కా నేనూ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలోంచి ఏరుకొచ్చాం. అక్క కథ చదివి అర్థం చెప్పేది. నాకు కథ అక్కర్లేదు, విమానం చాలు. ఆ పేజీలు నలిగి, మూలలు మెత్తబడిపోయాయి. పోయిన సెమిస్టర్ సెలవుల్లో పుస్తకం మళ్ళీ చేతికి దొరికింది. ఈసారి చూస్తే నాకొక ప్రశ్న వచ్చింది: దీన్ని నిజంగా కట్టాలంటే?

ఇంతకీ ఆ విమానం ఏమిటి

పేరు కారెదాస్ 160. కథలో లాజ్లో కారెదాస్ అనే కోటీశ్వరుడి సొంత జెట్. టిన్‌టిన్, కెప్టెన్ హాడాక్, ప్రొఫెసర్ కాల్‌క్యులస్ సిడ్నీ వెళ్తూ జకార్తాలో ఆగితే, ఆయన తన జెట్‌లో రమ్మంటాడు. దారిలో విమానాన్ని హైజాక్ చేసి ఒక చిన్న దీవికి తీసుకుపోతారు. మూడు ఇంజన్లు, ధ్వని కంటే ఎక్కువ వేగం, అన్నిటికంటే ముఖ్యంగా వెనక్కీ ముందుకీ తిరిగే రెక్కలు. ఇంగ్లీషులో స్వింగ్ వింగ్ అంటాం.

ఈ కథ బెల్జియంలో టిన్‌టిన్ పత్రికలో 1966లో మొదలై 1967లో పూర్తయింది. 1968లో పుస్తకంగా వచ్చింది. ఆ తేదీలు ఒకసారి గమనించండి. సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానాల్లో మొదట గాల్లోకి లేచింది రష్యావాళ్ళ టుపోలెవ్-144, అదీ 1968 డిసెంబర్ 31న. కాంకార్డ్ ఎగిరింది 1969 మార్చిలో. అంటే కారెదాస్ 160 అచ్చులో ఎగిరే నాటికి నిజమైన సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం ఒక్కటి కూడా ఎగరలేదు.

కథ రాసింది ఎర్జే. కానీ విమానాన్ని డిజైన్ చేసింది ఆయన స్టూడియోలో పనిచేసిన రోజె లెలూ అనే ఆర్టిస్టు. యంత్రాలు గీయడంలో దిట్ట. తర్వాత బయటికొచ్చి యోకో త్సునో అనే తన సొంత కామిక్ సిరీస్ మొదలుపెట్టాడు. ఎర్జే పద్ధతిలో మనుషులు కార్టూన్‌లా ఉంటారు, టిన్‌టిన్ కళ్ళు రెండు చుక్కలు. వాళ్ళ చుట్టూ ఉన్న కార్లు, ఓడలు, విమానాలు మాత్రం మెకానిక్ వచ్చి చూసినా తప్పు పట్టలేనట్టుంటాయి.

మన పుష్పక విమానం బొమ్మ చూసి ఇంజన్ ఎక్కడ అని ఎవరూ అడగరు. అడగకపోవడమే దాని అందం. కారెదాస్ 160 అలా కాదు. నన్ను నమ్ము అంటుంది. అందుకే దాన్ని అడగబుద్ధేసింది.

మూడు కాలమ్‌లు

మొదలుపెట్టే ముందు నాకు నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే. ఆధారం ఆ పుస్తకం మాత్రమే. ఇంకెవరో గీసిన ప్లాన్లు, ఇంకెవరో చేసిన మోడల్స్ చూడకూడదు. చూస్తే నాది కాపీ అవుతుంది, మన రికార్డుల్లాగే.

నోట్‌బుక్‌లో మూడు కాలమ్‌లు గీశాను. మొదటిది 'గీసింది'. అంటే బొమ్మలో కళ్ళకు కనిపించేది. దాన్ని నేను మార్చకూడదు. రెండోది 'లెక్కగట్టింది'. గీసినదాన్నుంచి స్కేలూ కాలిక్యులేటర్‌తో రాబట్టేది. మూడోది 'ఊహించింది'. బొమ్మలో లేదు, లెక్కకు అందదు, కాబట్టి నేనే నిర్ణయించేది. ఇది మన 'అస్యూమ్ సూటబుల్ డేటా' కాలమ్.

చేయాల్సిన మొదటి లెక్క, విమానం ఎంత పొడవు? బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిస్తే సరిపోదు. పక్కన నిలబడ్డ మనిషితో పోల్చుదామంటే, మనిషి మనకు దగ్గరగా, విమానం దూరంగా ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. పైగా విమానం వంకరగా నిలబడి ఉంటే పొడవు కుదించుకుపోతుంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో మనం చేతులు నొప్పి పుట్టేలా గీసిన ఐసోమెట్రిక్, ఆర్థోగ్రాఫిక్ తేడా ఇదే. కామిక్‌లో ఆర్థోగ్రాఫిక్ వ్యూ ఇవ్వరు. దాన్ని మనమే పట్టుకోవాలి.

అందుకని పనిని రెండుగా విడగొట్టాను. ఒకటి నిష్పత్తి, రెండోది సైజు. నిష్పత్తికి సైజుతో పనిలేదు. విమానం దాదాపు పూర్తిగా పక్కనుంచి కనిపించే ప్యానెల్స్ ఏరి, ప్రతి దాంట్లో పొడవుని బాడీ మందంతో భాగించాను. జవాబు 11 నుంచి 13 మధ్య ఊగింది. 12 తీసుకున్నాను.

ఇక సైజు. దానికి బయటి బొమ్మలు వదిలేసి లోపలికెళ్ళాను. కేబిన్‌లో మనుషులు వంగకుండా నిలబడుతున్నారు. అంటే లోపల ఎత్తు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. పైనా కిందా గోడ మందం పది పది సెంటీమీటర్లు వేసుకుంటే బయటి వ్యాసం 2 మీటర్లు. దాన్ని 12తో హెచ్చవేస్తే పొడవు 24 మీటర్లు.

ఇది ఎంతవరకు నమ్మొచ్చు? ఎర్జే నన్ను వచ్చి దిద్దడు కదా. అందుకే నిజంగా ఉన్న విమానంతో సరిచూశాను. అదే కాలపు అమెరికన్ స్వింగ్ వింగ్ యుద్ధ విమానం ఎఫ్-111. మొదట ఎగిరింది 1964 డిసెంబర్‌లో. పొడవు 22.4 మీటర్లు. రెక్కలు చాచితే 19.2 మీటర్లు, ముడిస్తే 9.75 మీటర్లు. నా 24 మీటర్లు గాల్లోంచి ఊడిపడ్డ నంబర్ కాదని ధైర్యం వచ్చింది.

మోడల్ స్కేల్ 1:72. విమానాల మోడల్స్‌కి ఇది బాగా వాడుకలో ఉన్న స్కేల్. ఆరడుగుల మనిషి సుమారు అంగుళం అవుతాడు. అందులో 24 మీటర్లంటే 333 మిల్లీమీటర్లు, వ్యాసం దాదాపు 28. హాస్టల్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ వెనక సరిగ్గా పడుతుంది.

ఒళ్ళు తయారీ

బాడీ కోసం సన్ బోర్డ్‌ని గుండ్రంగా కోసి బిళ్ళలు చేశాను. ప్రతి 25 మిల్లీమీటర్లకు ఒకటి. మధ్యలో ఒకే సైజు, ముక్కు వైపూ తోక వైపూ చిన్నవవుతూ పోతాయి. వాటన్నిటినీ ఒక పుల్లకు గుచ్చి, వరుసలో నిలబెట్టి, పైన చార్ట్ పేపర్ పట్టీలు ఫెవికాల్‌తో అతికించాను. నిజం విమానాల బాడీ కూడా ఇదే సూత్రం. లోపల చట్రాలు, పైన పల్చటి తొడుగు. బలం తొడుగులోనే చాలావరకు ఉంటుంది. చార్ట్ పేపర్ ఒక్కటే పట్టుకుంటే వంగిపోతుంది, బిళ్ళల మీద చుట్టాక నొక్కితే నొక్కుపడదు.

ఆ పైన గోడలకు పూసే లప్పం పల్చగా పూసి, ఆరాక శాండ్ పేపర్‌తో రుద్దడం. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దడం. మా రూమ్మేట్ రెండు వారాలు తుమ్ముతూనే ఉన్నాడు. "ఒరేయ్, నువ్వు విమానం కడుతున్నావా, ఇల్లు కడుతున్నావా?" అన్నాడు.

చేయాలనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. థర్మోకోల్ వాడితే ఇన్‌స్టంట్ గమ్ గానీ స్ప్రే పెయింట్ గానీ నేరుగా తగలనివ్వకండి. కరిగి గుంట పడిపోతుంది. నా మొదటి ముక్కు అలాగే పోయింది.

రెక్క ఎందుకు తిరగాలి

ఇక అసలు విషయం. చిన్నప్పుడు రెక్కలు తిరగడం స్టైల్ కోసమే అనుకున్నాను. కాదు.

విమానం నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పొడవాటి, తిన్నగా చాచిన రెక్క కావాలి. అప్పుడే తక్కువ వేగంలో కూడా సరిపడా లిఫ్ట్ వస్తుంది. తక్కువ వేగంతో దిగితే పొట్టి రన్‌వే చాలు. కానీ ధ్వని వేగం దాటాక అదే రెక్క పెద్ద గుదిబండ. ముందు గాలి నొక్కుకుపోయి షాక్ వేవ్ ఏర్పడుతుంది, డ్రాగ్ విపరీతంగా పెరుగుతుంది. రెక్కను వెనక్కి వాల్చితే ఏమవుతుందంటే, గాలి వేగంలో రెక్క అంచుకు లంబంగా వచ్చే భాగమే రెక్కకు ఎక్కువగా తెలుస్తుంది. అది మొత్తం వేగాన్ని వాల్చిన కోణం కొసైన్‌తో హెచ్చవేసినంత. మాక్ 2 దగ్గర, 65 డిగ్రీలు వాల్చితే, 2ను 0.42తో హెచ్చవేయండి. దాదాపు 0.85. విమానం ధ్వనికి రెట్టింపు వేగంతో పోతున్నా, రెక్క అంచు మటుకు ధ్వని కంటే తక్కువ వేగపు గాలినే ఎదుర్కొంటోంది. 20 డిగ్రీలే వాల్చితే అదే 1.88.

ఇప్పుడు కథకు రండి. కారెదాస్ విమానం సూపర్‌సోనిక్ జెట్. హైజాకర్లు దాన్ని తీసుకెళ్ళి దించేది ఒక చిన్న దీవి మీద తాత్కాలికంగా వేసిన రన్‌వే మీద. మామూలు సూపర్‌సోనిక్ విమానం అక్కడ దిగలేదు. రెక్కలు తిరగకపోతే ఆ కథే నడవదు. లెలూ రెక్కలకు మడత పెట్టింది అందం కోసమైతే కాదు. కథ మొత్తం ఆ ఇరుసు మీద తిరుగుతోంది.

అయితే ఆ ఇరుసు ఎక్కడుందో నేను ఏరుకున్న ఏ ప్యానెల్‌లోనూ కనిపించదు. రెక్క చాచి ఉన్న బొమ్మ ఉంది, ముడిచి ఉన్న బొమ్మ ఉంది. మధ్యలో ఏ బిందువు చుట్టూ తిరిగిందో తొడుగు కింద దాగుంది. మూడో కాలమ్. అస్యూమ్ సూటబుల్ డేటా.

నా ఊహ ఎలా తప్పిందంటే

నేను ఏమాత్రం ఆలోచించకుండా ఇరుసులు రెండూ బాడీ లోపల పెట్టేశాను. సెంటర్ లైన్‌కు అటు 10, ఇటు 10 మిల్లీమీటర్లు. తలుపుకు బందులు గుమ్మంలో ఉంటాయి కదా, రెక్కకు ఇరుసు ఒంట్లో ఉంటుంది అనుకున్నా.

రెక్క వెనక్కి తిప్పగానే రెండు గొడవలు. ఒకటి, రెక్క కొన వెనక్కి పోతుంటే, మొదట్లో ఇరుసు వెనకున్న భాగం లోపలికి దూసుకొస్తుంది. అది వచ్చేది ఎక్కడికి? కేబిన్‌లోకి. కథలో కారెదాస్, హాడాక్ తీరిగ్గా బ్యాటిల్‌షిప్స్ ఆట ఆడుకుంటారే, ఆ సీట్ల కిందికి. రెండు, రెక్క మొత్తం చాలా వెనక్కి జరిగిపోయింది. చూడగానే ఏదో తేడాగా ఉంది గానీ ఏమిటో చెప్పలేకపోయాను.

లైబ్రరీలో కూర్చుని చదివితే తెలిసింది, ఇదే తప్పుతో పెద్దవాళ్ళే కుస్తీ పట్టారు. గాల్లో ఉండగా రెక్క కోణం మార్చగలిగిన మొదటి విమానం బెల్ ఎక్స్-5. ఎగిరింది 1951లో. దాని రెక్కలు బాడీ దగ్గరే తిరిగేవి. రెక్క వెనక్కి వాలగానే లిఫ్ట్ పనిచేసే కేంద్రం బాగా వెనక్కి పోయేది. విమానం ముక్కు కిందికి దించాలని చూసేది. దాన్ని సర్దడానికి, రెక్కలు వెనక్కి తిరుగుతుంటే వాటి మొదళ్ళను పట్టాల మీద ముందుకు జరిపే ఏర్పాటు పెట్టారు. పని చేసింది. కానీ అంత యంత్రాంగం మోసుకుంటూ ఎగరడం ఖరీదైన వ్యవహారం.

దారి చూపించింది 1950ల చివర్లో నాసా లాంగ్లీ సెంటర్‌లో చేసిన పరిశోధన. ఇరుసును బాడీలోంచి బయటికి జరపండి. బాడీకీ ఇరుసుకీ మధ్య కదలని చిన్న రెక్క ముక్క వదలండి. బయటి రెక్క వెనక్కి పోయినప్పుడు, ముందున్న ఆ కదలని ముక్క లిఫ్ట్‌లో ఎక్కువ వాటా తీసుకుంటుంది. రెండూ కలిసి కేంద్రం మరీ వెనక్కి పోకుండా ఆపుతాయి. పట్టాలు అక్కర్లేదు. ఎఫ్-111 నుంచి మన ఎయిర్ ఫోర్స్ నడిపిన మిగ్-23, మిగ్-27 దాకా తర్వాత వచ్చినవన్నీ ఈ దారిలోనే నడిచాయి. ఆఖరి మిగ్-27లు జోధ్‌పూర్‌లో 2019 డిసెంబర్ 27న రిటైరయ్యాయి.

నేను మొదటి రెక్కలు పీకేశాను. రెండు వారాల పని. బాడీకి రెండువైపులా 10 మిల్లీమీటర్ల కదలని ముక్క అతికించి, ఇరుసుల మధ్య దూరం 20 నుంచి 48కి పెంచాను. రెక్క మొదలు భాగాన్ని ఇరుసు చుట్టూ గుండ్రంగా కోశాను. ఇరుసుకి గుండుసూది, దాని చుట్టూ బాల్‌పెన్ రీఫిల్ ముక్క బుష్‌లాగా. రెక్క పొడవు 115 మిల్లీమీటర్లు. చాచితే ఆ చివర్నుంచి ఈ చివరికి 264, ముడిస్తే 145. వాటిని 72తో హెచ్చవేస్తే 19 మీటర్లు, 10.4 మీటర్లు. పైన రాసిన ఎఫ్-111 కొలతలు మళ్ళీ చూడండి. ఆ రాత్రి నేను కాలిక్యులేటర్ రెండుసార్లు కొట్టి చూసుకున్నాను.

రెండు రెక్కలు, ఒకే మాట

ఒక రెక్క తిరిగి ఇంకోటి తిరక్కపోతే విమానం ఒకవైపుకి ఒరగాలని చూస్తుంది. ఎఫ్-14 లాంటి వాటిలో రెక్కలను పెద్ద స్క్రూ జాక్‌లు తిప్పుతాయి, రెండు వైపులా ఒకేసారి కదిలేలా ఆ రెంటినీ షాఫ్ట్‌తో కలిపేశారు. మోడల్‌లో అంత అక్కర్లేదు. ఒకదానికొకటి ఆనుకున్న రెండు పళ్ళచక్రాలు ఎప్పుడూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. కుడి రెక్కా ఎడమ రెక్కా వెనక్కి వాలాలన్నా ఎదురెదురు దిక్కుల్లోనే తిరగాలి. సమస్యే పరిష్కారం మోసుకొచ్చింది.

ఇరుసుల మధ్య 48 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో గేర్ పిచ్ వ్యాసం 48. మాడ్యూల్ 1 తీసుకుంటే 48 పళ్ళు. రెక్క తిరిగేది 20 డిగ్రీల నుంచి 65 దాకా, అంటే 45 డిగ్రీలు, చక్రంలో ఎనిమిదో వంతు. కాబట్టి పని చేసేవి 6 పళ్ళే. పూర్తి చక్రం ఎందుకు, అటూ ఇటూ రెండేసి కలిపి పది పళ్ళ ముక్క చాలు. ల్యాబ్‌లో 3డీ ప్రింటర్ మీద ప్రింట్ తీశాను. మాడ్యూల్ 0.5 పెడితే ఇంకా నాజూగ్గా ఉండేది గానీ, పన్ను మందం 0.8 మిల్లీమీటర్లే వస్తుంది. ప్రింటర్ నాజిల్ 0.4. రెండు గీతల మందం. గోరు తగిలినా విరుగుతుంది.

మొదటిసారి బిగించినప్పుడు కుడి రెక్క ఎప్పుడూ ఎడమదాని కంటే కొంచెం ముందే ఉండేది. అరగంట తల బాదుకున్నాక తెలిసింది, ఒక పన్ను తప్పించి బిగించాను. 360ని 48తో భాగిస్తే 7.5. సరిగ్గా ఏడున్నర డిగ్రీల తేడా.

తోక మీద కూర్చున్న రాత్రి

ఇంజన్లు, తోక, చక్రాలు అన్నీ బిగించాను. రెక్కలు చాచి టేబుల్ మీద పెట్టాను. మూడు చక్రాల మీద ముద్దుగా నిలబడింది. రూమ్మేట్ ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు. నేను రెక్కలు నెమ్మదిగా వెనక్కి తిప్పాను. పూర్తిగా తిరిగేలోపే ముక్కు పైకి లేచి, విమానం వెనక్కి ఒరిగి తోక మీద కూర్చుంది. వీడియోలో వాడి నవ్వు బాగా రికార్డయింది.

"కింద స్టాండ్ పెట్టేయ్‌రా, ఎవడు చూస్తాడు?" అన్నాడు. నిజమే, ఎవరూ చూడరు. లేదా రెక్కలు చాచి ఉంచేసి గమ్ పెట్టేయొచ్చు. ఆ రెండు ఆలోచనలూ నాకు అప్పటికే వచ్చాయి. కానీ ఆ విమానం చేసే పని ఒక్కటే, రెక్క తిప్పడం. అది చేయలేకపోతే నేను కట్టింది కారెదాస్ 160 కాదు, దాని ఫోటో.

కూర్చుని లెక్క వేశాను. మొత్తం బరువు 62 గ్రాములు. ఒక్కో రెక్క 7 గ్రాములు. రెక్క బరువు కేంద్రం ఇరుసు నుంచి 55 మిల్లీమీటర్ల దూరంలో. 20 నుంచి 65 డిగ్రీలకు తిప్పితే అది వెనక్కి జరిగే దూరం, 55ని సైన్ 65, సైన్ 20ల తేడాతో హెచ్చవేస్తే 31 మిల్లీమీటర్లు. రెండు రెక్కలూ కలిపి 14 గ్రాములు 31 మిల్లీమీటర్లు వెనక్కి పోయాయి. 434. దాన్ని 62తో భాగిస్తే 7. అంటే విమానం మొత్తం బరువు కేంద్రం 7 మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది. చాచినప్పుడు అది వెనక చక్రాలకు 5 మిల్లీమీటర్లు ముందు ఉండేది. ముడిచాక 2 మిల్లీమీటర్లు వెనక్కి. చక్రాల వెనక్కి వెళ్ళాక ఏ విమానమైనా కూర్చోవాల్సిందే.

సెంటర్ ఆఫ్ గ్రావిటీ మీద నేను ఫస్ట్ ఇయర్‌లో పదికి తొమ్మిది తెచ్చుకున్నాను. అది కదులుతుందని మాత్రం ఆ రాత్రి దాకా నాకు తెలీదు. లెక్కల్లో అది ఎప్పుడూ ఒక చుక్క. ఎవరో ఇచ్చిన చోట ఉంటుంది.

నిజం విమానాలకు ఇది ఇంకా పెద్ద తలనొప్పి. రెక్క బరువు వెనక్కి పోతుంది, లిఫ్ట్ కేంద్రం దానికంటే ఎక్కువగా వెనక్కి పోతుంది, ధ్వని వేగం దాటితే ఆ కేంద్రం మరి కాస్త వెనక్కి. రెక్క తిప్పని కాంకార్డ్ కూడా సూపర్‌సోనిక్ వేగానికి వెళ్ళేటప్పుడు టన్నుల కొద్దీ ఇంధనాన్ని వెనక ట్యాంకులోకి పంప్ చేసుకునేది, బ్యాలెన్స్ కోసం. బోయింగ్ కంపెనీ 2707 అనే సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానాన్ని స్వింగ్ వింగ్‌తో మొదలుపెట్టింది. ఇరుసు, దాని యంత్రాంగం బరువు భరించలేక 1968లో తిరిగే రెక్కని వదిలేసింది. 1971లో ప్రాజెక్టే ఆగిపోయింది. 'ఫ్లైట్ 714' పుస్తకంగా వచ్చిందీ 1968లోనే. కాగితం మీద ఇరుసుకు బరువుండదు మరి.

నా విమానానికి ఇంధనం లేదు. చేయగలిగింది ముక్కులో బరువు పెట్టడం. ముక్కు వెనక చక్రాలకు 150 మిల్లీమీటర్లు ముందుంది. ముడిచినప్పుడు కూడా కేంద్రం 5 మిల్లీమీటర్లు ముందుండాలంటే ఎంత కావాలి? లెక్క వేస్తే 3 గ్రాములు. చేపల గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు తెచ్చి, ల్యాబ్ తూకం మీద 3 గ్రాములు తూచి, ముక్కుకి కింద చిన్న కిటికీ కోసి, లోపల అతికించి, మళ్ళీ లప్పం, మళ్ళీ శాండ్ పేపర్, మళ్ళీ తుమ్ములు.

రెక్కలు చాచాను, నిలబడింది. వెనక్కి తిప్పాను. మా ఇద్దరికీ ఊపిరి ఆగింది. ముక్కు కదల్లేదు.

మీరు మొదలుపెడితే

మీకు కారెదాసే అక్కర్లేదు. చిన్నప్పుడు మీ కళ్ళకు అతుక్కుపోయిన ఏ ఓడైనా, రాకెట్టైనా, రోబో అయినా సరే. ముందు నిష్పత్తి పట్టండి, తర్వాత సైజు. సైజుకి లోపలున్న మనుషుల్ని అడగండి, వాళ్ళు నిలబడ్డారో వంగారో చెబుతారు. వచ్చిన నంబర్‌ని నిజంగా ఉన్న దేనితోనైనా పోల్చండి. కదిలే భాగం ఉంటే దాన్ని కదిలించే చూడండి, రెండు చివర్లలోనూ. బొమ్మలో ఉన్నదాన్ని మాత్రం మీ సౌకర్యం కోసం మార్చకండి. అది కష్టంగా ఉన్నచోటే గీసినవాడు ఏదో ఆలోచించి ఉంటాడు.

మూడు కాలమ్‌లు మర్చిపోకండి. పని అయ్యాక నావి లెక్కపెట్టాను. గీసింది: 14. లెక్కగట్టింది: 11. ఊహించింది: 23. సగానికి సగం నా ఊహే. అందులో ఇరుసు చోటు తప్పయింది, అది ఖరీదు రెండు వారాలు. బరువు కేంద్రం కదలదన్నది ఇంకో తప్పు. దాన్నయితే ఊహ అని కూడా గుర్తించలేదు, కాబట్టి ఏ కాలమ్‌లోనూ రాయలేదు. దాని ఖరీదు ఒక వీడియో.

అక్కకి ఫోటో పంపాను, రెక్కలు ముడిచి ఉన్నది. "రెక్కలు తిరుగుతాయా?" అని మెసేజ్ పెట్టింది.

వీడియో తీసి పంపాను. ఈసారిది.